పోటు వేళ ఎప్పుడండీ?

నీరు దిగిపోయే వేళ మడ అడవిలో నిలబడి చెవి ఒగ్గితే ఒక చప్పుడు వినిపిస్తుంది. మూకుట్లో ఆవాలు వేగుతున్నట్టు, చిటపట చిటపట, చుట్టూ నేలంతా. పీతల బొరియల్లోంచి గాలి బుడగలై తేలి చిట్లుతూ ఉంటుంది. కంటికి ఆనని రొయ్య జాతి జీవాలు బురదలో గిట్టలు కొడుతుంటాయి. మొదటిసారి విన్నప్పుడు పామేమోనని రెండడుగులు వెనక్కి వేశాను. పడవాయన నవ్వి, "నేల మాట్టాడతందండి మేష్టారూ, అంతే" అన్నాడు. స్టూడియోకి ఆ చప్పుడు పట్టుకురాలేను గనుక, అది వినాలంటే ఎక్కడికి రావాలో, ముఖ్యంగా ఏ వేళకి రావాలో చెబుతాను.

ఎక్కడికంటే గోదావరి సముద్రంలో కలిసే చోటుకి. ధవళేశ్వరం దగ్గర గోదావరి రెండుగా చీలుతుంది. తూర్పుకి పోయేది గౌతమి, దక్షిణానికి దిగేది వసిష్ఠ. వసిష్ఠలోంచి వైనతేయ విడిపోతుంది. ఇంకా చిన్నా చితకా పాయలు, వాటి మధ్య లంకలు, లంకల మీద కొబ్బరితోటలు. ఒకవైపు కాకినాడ, చొల్లంగి, కోరంగి, యానాం. ఇంకోవైపు ఓడలరేవు, అంతర్వేది. ఆ రెండు కొసల మధ్య ఎక్కడ నిలబడ్డా మీ కాళ్ల దగ్గరున్నది నదో సముద్రమో ఒక్కమాటలో చెప్పలేరు. పొద్దున్న చప్పగా ఉన్న కాలువ నీళ్లు మధ్యాహ్నానికి ఉప్పగా ఉంటాయి. పొద్దున్న తూర్పుకి పారిన నీరు మధ్యాహ్నం పడమటికి పారుతుంది. నది వెనక్కి పారడం చూడాలని ఉందా? యానాం గట్టు మీద పోటు వేళ కాసేపు కూర్చోండి. గుర్రపుడెక్క తుంపులు సముద్రం వైపునుంచి ఎగువకు తేలి వస్తుంటాయి.

మా మేనల్లుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తాడు. మూడేళ్ల కిందట భార్యాపిల్లలతో వచ్చాడు. ఫోన్లో అంతా రాసుకునే వచ్చాడు. ఎనిమిదింటికి టిఫిను, తొమ్మిదింటికి కోరంగి, పదకొండుకి పడవ, ఒంటిగంటకి యానాంలో భోజనం. నేనూ వెంట వెళ్లాను. పెసరట్టు ఉప్మా దగ్గరే గంట పోయింది; అది నా తప్పే, రెండోది తినమని బలవంతం చేసింది నేనే. మేం ఊరి రేవులో నాటు పడవ మాట్లాడుకుని కాలువలోకి దిగేసరికి పన్నెండయింది. ముందురోజే అమావాస్య వెళ్లింది. పడవాయన ఆకాశంవైపు, నీటివైపు చూసి, "వెళ్దామంటే వెళ్దామండి గానీ..." అని నసిగాడు. ఆ 'గానీ' దగ్గర ఆగి అడగాల్సింది. అడగలేదు. అరగంటకి పడవ అడుగు బురదకి ఆనింది. గెడ వేసి నెట్టాడు, దిగి నెట్టాడు, లాభం లేదు. "పాటు లాగేసిందండి. మళ్లీ పోటొచ్చేదాకా కూకోడమేనండి" అన్నాడు.

మూడు గంటలు కూర్చున్నాం. మేనల్లుడు మొదటి గంట ఫోను చూసుకున్నాడు, తర్వాత దానికి సిగ్నల్ పోయింది. పిల్లలు మాత్రం పడవ అంచు మీంచి కిందకి చూస్తూ ఒకటే కేకలు. బురద మీద చేపలు నడుస్తున్నాయి. మీరు సరిగ్గానే విన్నారు, నడుస్తున్నాయి. బొటనవేలంత చేపలు, కళ్లు నెత్తిన ఉంటాయి. ముందు రెక్కల్ని మోచేతుల్లా ఆనించి జరుగుతాయి, గెంతుతాయి, ఒకదాన్నొకటి బెదిరించుకుంటాయి. ఒళ్లు తడిగా ఉన్నంతసేపు వాటికి నీటి బయటే హాయి. వాటి పక్కనే ఒంటిగిట్ట పీతలు. మగ పీతకి ఒక గిట్ట ఒంటికి మించి పెద్దది, ఎర్రగా ఉంటుంది. దాన్ని ఎత్తి దింపి ఎత్తి దింపి ఆడపీతల్ని పిలుస్తుంది. వందల పీతలు ఒక్కసారి గిట్టలెత్తితే బురద మీద పెళ్లి బాజా వాయిస్తున్నట్టుంది. పడవ ఆగకపోయి ఉంటే ఇవేవీ చూసేవాళ్లం కాదు. పదకొండుకి పడవ, ఒంటిగంటకి భోజనం అని ఊరికి తిరిగి వెళ్లిపోయేవాళ్లం.

అందుకని చూడదగ్గ స్థలాల పట్టిక చదివే బదులు, ఇక్కడ అడుగుపెట్టగానే అడగాల్సిన ప్రశ్న ఒకటి చెబుతాను. "పోటు వేళ ఎప్పుడండీ?" పుస్తకాల్లో ఆటుపోట్లు అంటాం. నీరెక్కడం పోటు, దిగడం ఆటు. దిగడాన్నే పాటు అని కూడా అంటారు. రోజుకి రెండుసార్లు ఎక్కుతుంది, రెండుసార్లు దిగుతుంది. ఎక్కడానికి ఆరు గంటలు, దిగడానికి ఆరు గంటలు, కాస్త పైన. ఆ 'కాస్త' వల్ల ఇవాళ పొద్దున్న ఎనిమిదింటికి నిండు పోటు అయితే రేపు ఇంచుమించు ఎనిమిదీ యాభైకి అవుతుంది. రోజుకి యాభై నిమిషాలు. మన పాత లెక్కలో రెండు గడియలు. చంద్రుడు రోజుకి రెండు గడియలు ఆలస్యంగా పొడుస్తాడని మా నాయనమ్మ అనేది. నీరు చంద్రుడి వెంటే నడుస్తుంది గనుక రెండిటికీ ఒకే లెక్క. అమావాస్యకీ పౌర్ణమికీ సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలో లాగుతారు, అప్పుడు పోటూ పెద్దదే, పాటూ పెద్దదే. అష్టమి, నవముల్లో ఇద్దరూ చెరోవైపు లాగుతారు, నీరు మందకొడిగా కదులుతుంది. పెద్దగా ఎక్కదు, పెద్దగా దిగదు. ఇక్కడి బెస్త ఇళ్లలో క్యాలెండరు తీసి చూసేది ఆదివారం ఎప్పుడని కాదు, తిథి ఏమిటని. మనకి పూజకి పనికొచ్చే పంచాంగం వాళ్లకి వలకి పనికొస్తుంది.

ఇక కోరంగి. కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డు మీదే ఉంటుంది అభయారణ్యం. 1978లో ప్రకటించారు, విస్తీర్ణం దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. దేశంలో సుందరబన్ల తర్వాత ఇదే పెద్ద మడ అడవి అని కొన్ని బోర్డుల మీద కనిపిస్తుంది. ఒడిశా వాళ్లు ఒప్పుకోరు. ఆ పోటీలోకి నేను దిగను. మడ చెట్టుకి బోర్డుతో పనిలేదు.

లోపల చెట్ల మధ్యనుంచి చెక్క వంతెన వేశారు. బురదలో దిగకుండా నడవచ్చు. వంతెన మీద నడవడానికి పాటు వేళ రండి. నీళ్లు దిగితేనే వేళ్లు కనిపిస్తాయి, మడ అడవిలో చూడాల్సింది ఆకులకన్నా వేళ్లే. నల్లమడ, తెల్లమడ చెట్ల చుట్టూ బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు వేల పుల్లలు పైకి లేచి ఉంటాయి. అవి చిగుళ్లు కావు, ముక్కులు. బురదలో గాలి ఉండదు గనుక చెట్టు వేళ్లని పైకి పంపి ఊపిరి తీసుకుంటుంది. ఉప్పుపొన్న చెట్టు తీరు వేరు. కాండం నుంచి పక్కలకి విల్లులా వంగిన ఊతవేళ్లు దించి, పందిరి గుంజల మీద నిలబడ్డట్టు నిలబడుతుంది. దాని సంతానం సంగతి ఇంకా వింత. గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తుతుంది. మునక్కాయల్లా పొడుగ్గా వేలాడుతుంటాయి మొలకలు. పండిన మొలక ఊడి మొన కిందుగా పడుతుంది. పాటు వేళ పడితే బురదలో గుచ్చుకుని అక్కడే నాటుకుంటుంది. పోటు వేళ పడితే తేలి ఇంకో లంక వెతుక్కుంటుంది.

తెల్లమడ ఆకు ఒకటి తెంపి నాలికకి తాకించి చూడండి. ఉప్పు. వేళ్లతో తాగిన ఉప్పుని ఆకు మీంచి బయటకి నెట్టేస్తుంది. ఎండ మీద వెళితే ఆకుల మీద సన్నటి ఉప్పు పొడి మెరుస్తూ కనిపిస్తుంది. చుట్టుపక్కల ఊళ్ల గేదెలకి ఈ ఆకంటే ప్రాణం. తెంపడం తెల్లమడకే పరిమితం చేసుకోండి, తిల్ల చెట్టు జోలికి పోకండి. దాని పాలు కంట్లో పడితే కళ్లు మండిపోతాయి, చూపుకే ప్రమాదం. ఏది ఏ చెట్టో తెలియకపోతే అక్కడున్న అటవీ సిబ్బందిని అడగండి, లేదా ఉప్పు రుచి సంగతి నా మాట మీదే నమ్మేయండి.

పడవ ఎక్కడానికి మాత్రం పోటు కావాలి. నిండు పోటులో పడవ చెట్ల కొమ్మల ఎత్తున పోతుంది. కాలువ సన్నబడి, రెండువైపుల కొమ్మలు నెత్తిన కలుసుకుని, ఇంజను ఆపమంటే ఆపి గెడ వేస్తే, ఆ నిశ్శబ్దం కోసం ఎంత దూరమైనా రావచ్చు. ఇంజను ఆపమని అడగండి. అడిగితే ఆపుతారు, అడగకపోతే ఆపరు. నీటికుక్కలు గుంపుగా ఈదుతూ కనిపించవచ్చు, తలలు పైకెత్తి మిమ్మల్నే చూస్తాయి. చేపలు పట్టి తినే అడవి పిల్లి ఒకటుంది, మచ్చలతో, పొట్టి తోకతో. ఈ అడవికి అదే పేరు తెచ్చింది. పగటిపూట వచ్చినవాళ్లకి అది కనిపించడం అరుదు. బురద మీద దాని పంజా గుర్తులు చూపిస్తే పడవాయనకి అదనంగా ఇవ్వాల్సిందే.

పిట్టల కోసం వచ్చేవాళ్లకి లెక్క మళ్లీ వేరు. చలికాలంలో ఉత్తరాది మంచు దేశాలనుంచి ఉల్లంకి జాతి పిట్టలు వేలల్లో దిగుతాయి కాకినాడ అఖాతంలో బయటపడే బురద మీద. పూర్తి పాటులో అవి ఎక్కడో దూరాన చుక్కల్లా ఉంటాయి. పూర్తి పోటులో చెట్లెక్కుతాయి, లేదా ఇసుక దిబ్బల మీదకి పోతాయి. సగం పోటు ఎక్కుతుండగా కుంభాభిషేకం రేవు వైపు ఒడ్డున కదలకుండా కూర్చుంటే, నీరు బురదని మింగుకుంటూ వస్తున్నకొద్దీ పిట్టలు వాటంతటవే మీ దగ్గరకి జరుగుతూ వస్తాయి. ఒక ముక్కు పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి పైకి వంపు, ఒకటి కిందకి వంపు. ఏ ముక్కు ఎంత లోతు పురుగుకో ముందే పంచుకున్నట్టుంటుంది.

పడవలో వెళుతూ ఒడ్డున పాత ఇటుక గోడ ముక్కలేమైనా కనిపిస్తాయేమోనని చూడకండి, కనిపించవు. ఒకప్పుడు కోరంగి పెద్ద ఓడరేవు అంటే ఇప్పుడెవరూ నమ్మరు. ఓడలు కట్టారు, బాగుచేశారు, సరుకులు ఎగుమతి చేశారు. 1789 డిసెంబరులో తుపానుతో పాటు మూడు పెద్ద కెరటాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఊరిని ముంచేశాయి. మళ్లీ కట్టుకున్నారు. 1839 నవంబరులో మళ్లీ తుపాను, మళ్లీ ఉప్పెన. ఆ దెబ్బకి రేవు కోలుకోలేదు. 'సైక్లోన్' అన్న మాటని పెట్టిన హెన్రీ పిడింగ్టన్ కలకత్తాలో కూర్చుని తుపానుల గురించి రాస్తూ కోరంగి కెరటాల గురించి రాశాడు. పాము చుట్ట అన్న అర్థమున్న గ్రీకు మాట నుంచి ఆ పేరు తీశాడట.

ఊరు పోయినా పేరు మాత్రం సముద్రం దాటింది. 1843లో తెలుగు కూలీల్ని మారిషస్‌కి తీసుకెళ్లిన ఓడ పేరు కోరింగా పాకెట్. బర్మాలో, అంటే మా పెద్దవాళ్లు రంగం వెళ్లడం అనేవారే, అక్కడ తెలుగువాడు శ్రీకాకుళం వాడైనా, గుంటూరు వాడైనా స్థానికులకి 'కోరంగి' వాడే. ఈ చిన్న పల్లె పేరు ఒక జాతి మొత్తానికి పేరైంది. కోరంగికి వచ్చినవాళ్లు పిట్టల్నే చూసి వెళ్లిపోతారు గానీ, వాళ్లలో కొందరి ముత్తాతలు ఓడెక్కింది ఈ నీటిలోనే.

1996 నవంబరు 6 రాత్రి నేను మర్చిపోలేదు. ఆ రోజు తుపాను కాకినాడకి దక్షిణంగా, భైరవపాలెం వైపు తీరం దాటింది. రొయ్యపిల్లలు పట్టుకుని బతికేవాళ్లు తీరం వెంట పాకల్లో ఉన్నారు. చాలామంది తిరిగి రాలేదు. మా ఇంట్లో కొబ్బరి చెట్టు పడి వంటిల్లు పోయింది, కరెంటు లేక రోజులకి రోజులు ట్రాన్సిస్టరే దిక్కు. ఆ తర్వాత ఊళ్లలో ఒక మాట మళ్లీ మళ్లీ వినిపించింది: మడ ఉన్నచోట నీరు నెమ్మదిగా వచ్చింది, మడ కొట్టేసినచోట పరుగెత్తుకొచ్చింది. అప్పటికే చెట్లు ఎండిపోయిన చోట్ల అటవీశాఖ, స్వామినాథన్ పరిశోధన సంస్థ కలిసి కాలువలు తవ్వించాయి. మధ్యన ఒక కాలువ, దానికి రెండువైపులా ఏటవాలుగా చిన్న కాలువలు. పైనుంచి చూస్తే చేపముల్లే. పోటు నీరు ఆ ముల్లు కొసల దాకా వెళ్లి, పాటుకి మళ్లీ బయటకి వస్తుంది. నిలవ ఉప్పు కడుక్కుపోతుంది, మొక్క బతుకుతుంది. పడవాయనని అడిగితే ఆ కాలువలు చూపిస్తాడు. ఎండిన నేలకి రోజుకి రెండుసార్లు పోటు తగిలించడం తప్ప వేరే మందు వేయలేదు.

కాకినాడ నుంచి పడవలో వెళితే హోప్ ఐలాండ్. దీవి అంటారు గానీ ఒక పొడుగాటి ఇసుక నాలుక అది, ఇంచుమించు 16 కిలోమీటర్లు. రెండు వందల ఏళ్ల కిందట దాదాపు లేదు. గోదావరి మోసుకొచ్చి పోసింది. కాకినాడ రేవుకి అదే గోడ, సముద్రం దెబ్బ ముందు అది తింటుంది. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిళ్లు ఆలివ్ రిడ్లే తాబేళ్లు అక్కడ ఇసుక తవ్వి గుడ్లు పెడతాయి. ఒక్కో తల్లి నూరు దాకా పెడుతుంది. దాదాపు యాభై రోజులకి పిల్లలు బయటపడి, వెలుతురుగా ఉన్నవైపు పరుగెడతాయి. చీకటి రాత్రి వెలుతురంటే సముద్రమే అని వాటి పుట్టుకలోనే రాసుంది. ఆ సమయానికి ఎవరైనా టార్చిలైటు వేస్తే అటే వస్తాయి, దారి తప్పి చస్తాయి. అందుకని ఆ ఋతువులో పగలు చూసి సాయంత్రానికి తిరిగి రావడమే మర్యాద.

ఇప్పుడు తీర్థాల సంగతి. దక్షారామ భీమేశ్వరుడికి అభిషేకం చేయడానికి ఏడుగురు ఋషులు గోదావరిని ఏడు పాయలుగా తీసుకొచ్చారని కథ. ఏడు పాయలు సముద్రంలో కలిసే ఏడుచోట్లా మునగడం సప్తసాగర యాత్ర. పుష్య బహుళ అమావాస్య, అంటే చొల్లంగి అమావాస్య నాడు చొల్లంగిలో మునిగి మొదలుపెడతారు. అది తుల్యభాగ పాయ. ఆ పుణ్యనదిని ఇప్పుడు చూస్తే మురుగు కాలువ. తుల్యభాగ డ్రెయిన్ అని ఇరిగేషన్ వాళ్ల కాగితాల్లో రాసుంటుంది. అయినా ఆ రోజు తెల్లవారుజామున జనం ఇసుక వేస్తే రాలనట్టు ఉంటారు. తర్వాత ఆత్రేయ, కోరంగి దగ్గర. అలా పడమటికి జరుగుతూ మాఘ శుద్ధ ఏకాదశికి, భీష్మ ఏకాదశికి, అంతర్వేదిలో వసిష్ఠ దగ్గర ముగిస్తారు.

నేను కుర్రవాడిగా ఉన్నప్పుడు మా నాన్నతో ఈ యాత్రలో సగం నడిచాను. అప్పుడు తోచలేదు, పంతులుద్యోగంలో పోటు పాట్ల పాఠం చెబుతుండగా తోచింది. అమావాస్య రోజు సముద్రం పెద్ద పోటుతో పాయల్లోకి ఎగదన్నుతుంది. చొల్లంగి లాంటి లోపలి చోటికి సముద్రపు నీరు నిండుగా వచ్చేది అలాంటి రోజుల్లోనే. ఋషులు కట్టారో, బెస్తవాళ్లు కట్టారో గానీ, ఈ తీర్థాన్ని నీరు తెలిసినవాళ్లే కట్టారు. ఇది నా ఊహ, శాస్త్రం కాదు. పండితులు కోప్పడితే నేనొప్పుకుంటాను.

భోజనాల మాట ఎత్తకుండా గోదావరి వాడు ప్రసంగం ముగించాడంటే ఇంటికి రానివ్వరు. వరదలప్పుడు, ఎర్రనీరు దిగినప్పుడు, సముద్రంలోని ఇలస చేప నదిలోకి ఎదురీదుతుంది. సముద్రంలో పడితే ఇలస, గోదావరి నీళ్లు తాగితే పులస. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర దాని దారి ఆగిపోతుంది. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ అంతే. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత వినని తెలుగువాడు లేడు. దాని ధర విని దండం పెట్టి వచ్చినవాళ్లలో నేనొకణ్ని. పైగా ఇలసని పులస అని అమ్మేవాళ్లు ఏ రోజూ తక్కువ లేరు. కొనేముందు కూడా ఎవరైనా తెలిసినవాళ్లుండాలి. పులుసు మట్టి దాకలో కట్టెల పొయ్యి మీద పెట్టి, మర్నాడు తింటేనే రుచి.

నా ఓటు చీరమేనుకి. దసరా వెళ్లి దీపావళి వచ్చే రోజుల్లో, తూర్పు గాలి తిరిగితే, సన్నటి చేపపిల్లలు పోటు వెంట మందలు మందలుగా గౌతమిలోకి వస్తాయి. ఏ వల కన్నూ వాటిని ఆపలేదు, అందుకని చీరలతో పడతారు. ఆ పేరు అలా వచ్చింది. యానాం రేవులో సేర్లు, కుంచాలతో కొలిచి అమ్ముతారు, తూకం లేదు. పులుసు పెడతారు, గారెలు కూడా వేస్తారు. ఏడాదిలో కొద్ది రోజులే.

యానాం గురించి ఇంకొక్క ముక్క. 1954 దాకా అది ఫ్రెంచివాళ్లది. చుట్టూ ఇంగ్లీషువాళ్ల రాజ్యం. 1929లో బాల్యవివాహాలకి అడ్డుగా శారదా చట్టం వస్తే, చుట్టుపక్కల వాళ్లు చిన్నపిల్లల్ని తీసుకుని యానాం వచ్చి పెళ్లిళ్లు చేసుకుపోయారు. అందుకని దానికి కల్యాణపురం అని పేరు పడింది. చట్టం తప్పించుకోడానికి కాలువ దాటితే చాలు. ఈ ముచ్చట నవ్వుతూ చెప్పుకుంటాం గానీ, ఆ పెళ్లికూతుళ్లలో మా నాయనమ్మ ఒకర్తె. తనకి అప్పుడు ఎనిమిదేళ్లు. గౌతమి మీద పడవలో బుట్టబొమ్మలా కూర్చోబెట్టారట. నీళ్లంటే భయమేసి ఏడిచానని మాత్రం చెప్పేది, పెళ్లి గుర్తులేదు.

ఇప్పుడు యానాం నుంచి ఎదుర్లంకకి బాలయోగి వారధి ఉంది, అయిదు నిమిషాల్లో దాటేస్తారు. దాటండి, కానీ ఒక్కసారైనా పంటు ఎక్కండి. రెండు పడవల మీద బల్లలు పరిచి కట్టినదే పంటు. మోటారు సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, గేదె, పెళ్లివారు, అందరూ ఒకే బల్ల మీద. కోటిపల్లి నుంచి ముక్తేశ్వరానికి, సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు మీద దాటిన తరాలున్నాయి. కోనసీమ మాట తీరు, ఆ 'ఆయ్', ఆ 'అండి' వినాలంటే దానికి మించిన చోటు లేదు. దిండిలో ఇంటిపడవలున్నాయి, గదులు, చల్లటి గాలి మిషన్లు, అన్నీ. ఎక్కినవాళ్లు బాగుందంటారు. సౌండు బాక్సు పెట్టకుండా ఉంటే నాకూ బాగుండేది.

కనుమ నాటికి వచ్చేవాళ్లుంటే జగ్గన్నతోట మర్చిపోకండి. ఏకాదశ రుద్రుల పేర పదకొండు ఊళ్ల ప్రభలు అక్కడ చేరతాయి. వెదురు, తాటిదూలం, రంగురంగుల నూలు కట్టి మనుషులు భుజాల మీద మోస్తారు. గంగలకుర్రు ప్రభలు కౌశిక పాయలో దిగి రావాలి. పీకల్లోతు నీళ్లలో మోసేవాళ్ల తలలు మాత్రం కనిపిస్తుంటాయి, నెత్తిన ప్రభ ఒరగదు. దారిలో పచ్చటి వరిచేలు తొక్కుకుంటూ వస్తారు, ఏ రైతూ ఒక్క మాటనడు. పైగా తన చేలోంచి పోలేదని చిన్నబుచ్చుకునేవాళ్లని చూశాను. చూడ్డానికి వచ్చినవాళ్లు గట్టు మీద నిలబడండి, చేలోకి దిగకండి. ఆ హక్కు ప్రభదే.

చివరి కొస అంతర్వేది. ఓడల వ్యాపారి కొపనాతి కృష్ణమ్మ కట్టించిన నరసింహస్వామి గుడి, మాఘమాసంలో కల్యాణం, ఏకాదశి నాడు రథం. 2020లో రథం కాలిపోయింది, తర్వాతి ఉత్సవానికల్లా కొత్త రథం వచ్చింది. గుడి దాటి ఇసుకలో నడిస్తే అన్నాచెల్లెళ్ల గట్టు. ఒకవైపు వసిష్ఠ, ఒకవైపు సముద్రం, మధ్య ఇసుక. నది నీరు ఒక రంగు, సముద్రం ఒక రంగు, కలిసేచోట నురగ గీత గీసినట్టుంటుంది. ఆ గీత పోటుకి లోపలికి, పాటుకి బయటికి జరుగుతుంది. స్నానం చేయాలనిపిస్తుంది. గుడి వైపు రేవులో, నలుగురున్న చోట, నీరెక్కే వేళే చేయండి. పాటు వేళ నది ముఖం దగ్గర దిగితే, ఎంత ఈతగాణ్నైనా సముద్రం వైపే లాక్కుపోతుంది. ఏటా ఎవరో ఒకరి ఇంట్లో ఏడుపు ఇక్కడే మొదలవుతుంది. తిరుగు దారిలో నరసాపురం రేవు దాటితే, అరుగుల మీద ఆడవాళ్లు కొక్కెం సూదితో లేసు అల్లుతుంటారు. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దుకాణంలో కాకుండా అరుగు దగ్గరే ఆగి కొనండి. అల్లిన చేతికి నాలుగు డబ్బులు ఎక్కువ దక్కుతాయి.

మొన్న మా మేనల్లుడు ఫోను చేశాడు. హలో అనలేదు, బాగున్నావా అనలేదు. "మావయ్యా, ఈ శనివారం తిథి ఏమిటి?" అన్నాడు. క్యాలెండరు దగ్గరకెళ్లి చూశాను. "నవమి రా. నీరు కదలదు. చిన్న కాలువల్లోకి పడవ పోదు, బురదా తేలదు. పై శనివారం రా, పెద్ద పోటు" అన్నాను. కాసేపు ఆలోచించాడు. వెనకనుంచి చిన్నది అరుస్తోంది, నడిచే చేపల దగ్గరకేనా అని. "పై శనివారం ఆఫీసుందే" అన్నాడు. "మరైతే ఇదే శనివారం రా, పడవ మానెయ్. యానాం రేవులో చీరమేను దిగిందట" అన్నాను.

"ఎన్నింటికి రావాలి?"

"తెల్లవారుజామున. పొద్దెక్కితే కుంచాలు ఖాళీ."